కుట్లు మానాయి... మూత్రం ఎర్రబడింది!

రోబో సాయంతో కిడ్నీ ఆపరేషన్ చేయించుకుని మూడు నాలుగు రోజుల్లో ఇంటికి వచ్చేస్తున్నారు. కోత చిన్నది, నొప్పి తక్కువ. అయితే ఈ ఆపరేషన్ తర్వాత అరుదుగా వచ్చే ఒక ప్రమాదం ఆసుపత్రిలో కనిపించదు. రెండు వారాల తర్వాత ఇంట్లో బయటపడుతుంది. పెద్దాసుపత్రికి ఎంతో దూరంలో ఉండే ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్లవాళ్లు దాని సంగతి ముందే తెలుసుకుని ఉండాలి.

పొట్ట మీద నాలుగైదు గాట్లు. ఒక్కోటి వేలిగోరంత. తీసిన ముక్కను బయటికి లాగేందుకు పెట్టిన గాటు ఒక్కటే కాస్త పెద్దది. మూడో రోజుకో నాలుగో రోజుకో డిశ్చార్జి. పొద్దున హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కారెక్కితే సాయంత్రానికి ఆదోనిలో దిగుతారు. వారంలో చుట్టపక్కాల పరామర్శలు అయిపోతాయి. పదో రోజుకు మనిషి వీధి చివరిదాకా నడిచి వస్తాడు. ‘ఆపరేషన్ అయినట్టే లేదు’ అని ఇంట్లోవాళ్లు సంబరపడతారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, కొద్దిమందికి, ఒక ఉదయం మూత్రం ఎర్రగా వస్తుంది.

అందరికీ ఇలా జరగదు. కిడ్నీలో ఉన్న గడ్డను మాత్రమే తీసేసి మిగతా కిడ్నీని కాపాడే ఆపరేషన్ చేయించుకున్న ప్రతి వందమందిలో ఒకరిద్దరికి జరుగుతుంది. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఒకరిద్దరిలో కొందరికి రక్తం ఒక్కసారిగా పోతుంది. సరైన చోటికి సకాలంలో చేరితే గంట, గంటన్నరలో ఆగిపోయే రక్తస్రావమే, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. తేడా అంతా ఇంట్లోవాళ్లు ఆ ఎర్రరంగును చూసి ఏమనుకున్నారన్న దాంట్లోనే ఉంది.

మన దగ్గర ఏమనుకుంటారో తెలియందేముంది! ‘ఏం గాదులే, ఒంట్లో వేడి చేసింటాది’ అంటారు. బార్లీ నీళ్లు కాస్తారు, సబ్జా గింజలు నానబెడతారు. ఎండలు మండిపోయే పశ్చిమ కర్నూలులో ఆ మాట నమ్మబుద్ధేస్తుంది కూడా. కాస్త జాగ్రత్త ఉన్నవాళ్లు పక్కవీధి క్లినిక్కుకు వెళ్తే, మూత్రంలో ఇన్ఫెక్షన్ అని ఐదు రోజులకు మందులు రాస్తారు. మర్నాటికి రంగు తేటపడుతుంది. మందు పనిచేసిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఈ జబ్బు పెద్ద మాయ అక్కడే ఉంది. రక్తం పడి, ఆగి, మళ్లీ పడుతుంది. ఆగిందంటే తగ్గిందని అర్థం కాదు.

గడ్డ ఎలా బయటపడుతుంది?

చాలాసార్లు అనుకోకుండానే. గ్యాస్ అనో, రాళ్లనో, నడుంనొప్పి అనో కడుపు స్కానింగ్‌కు వెళ్తారు. వెళ్లిన పని ఒకటి, కనిపించేది మరొకటి. కిడ్నీలో రెండు మూడు సెంటీమీటర్ల గడ్డ. కిడ్నీలో ఇలా కనిపించే గట్టి గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సరే అయినా, ఈ దశలో తీసేస్తే చాలావరకు నయమైపోతుంది. ఒకప్పుడైతే కిడ్నీ మొత్తం తీసేసేవారు. ఇప్పుడు నాలుగు సెంటీమీటర్లలోపు గడ్డలకు, వీలైన చోట ఏడు సెంటీమీటర్ల దాకా కూడా, గడ్డను మాత్రమే తొలిచి తీసి కిడ్నీని నిలుపుతున్నారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఇది పెద్ద మేలు. రేపు రెండో కిడ్నీ దెబ్బతిన్నా ఇది ఆదుకుంటుంది.

ఆ తొలిచే పనికే రోబో. రోబో అనగానే మరమనిషి వచ్చి కత్తి పడతాడని కొందరు భయపడతారు, కొందరు ముచ్చటపడతారు. రెండూ అక్కర్లేదు. అది తనంతట తాను ఏమీ కోయదు. డాక్టరు కాస్త దూరంలో ఒక పెట్టెలాంటి యంత్రం ముందు కూర్చుని, లోపలి దృశ్యాన్ని పెద్దదిగా, లోతుతో సహా చూస్తూ వేళ్లు కదుపుతాడు. ఆ కదలికలనే రోబో చేతులు కడుపులో చేస్తాయి. అమెరికాలో ‘డావిన్సీ’ రోబోకు అనుమతి వచ్చింది 2000లో. కిడ్నీని ఉంచి గడ్డను తీసే ఆపరేషన్‌ను దాంతో చేసిన తొలి అనుభవాలను మేయో క్లినిక్ వైద్యులు 2004లో ప్రచురించారు. ఇప్పుడు హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఇది మామూలైపోయింది. నిమ్స్‌లోనూ 2023లో రోబో వచ్చింది.

ఆదోనిలో, ఎమ్మిగనూరులో మాత్రం లేదు. ఉండాలని కోరడమూ సరికాదేమో. ఏడాదికి నలుగురైదుగురికి చేసే చోట కంటే, వారానికి నలుగురైదుగురికి చేసే చోటే ఇలాంటి ఆపరేషన్ భద్రం. కాబట్టి మనవాళ్లు వెళ్లక తప్పదు. వెళ్లాక తిరిగి రాకా తప్పదు. చిక్కు వచ్చేది ఆ తిరిగి వచ్చాకే.

కాలువ కట్టకు బొక్క పడితే...

కిడ్నీ పిడికిలంత. బరువు నూటయాభై గ్రాములకు అటూ ఇటూ. కానీ గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు ఆ రెండు కిడ్నీలకే పోతుంది. నిమిషానికి సుమారు లీటరు! ఇంత చిన్న అవయవానికి ఇంత రక్తం పోతోందంటే, దాన్ని కోయడం నిండుగా పారుతున్న కాలువలోంచి రాయి తీయడం లాంటిది. అందుకే గడ్డను తొలిచే ముందు కిడ్నీకి వచ్చే పెద్ద రక్తనాళానికి క్లిప్పు పెట్టి ప్రవాహం ఆపుతారు. ఎంతసేపు పడితే అంతసేపు ఆపడానికి వీల్లేదు. పాతిక ముప్పై నిమిషాలు దాటితే కిడ్నీ దెబ్బతినడం మొదలవుతుంది. ఆలోపే గడ్డ తీయాలి, గుంత లోపలి నాళాలను కుట్టాలి, పైన కిడ్నీని దగ్గరికి లాగి కుట్టాలి, క్లిప్పు విప్పాలి.

ప్రవాహం ఆపి ఉన్నప్పుడు ఎక్కడ కారుతుందో పూర్తిగా కనిపించదు కదా! ఏదో ఒక సన్నటి ధమని సగం తెగి ఉండొచ్చు. కుట్టే సూది మొనే దాని గోడకు తగిలి ఉండొచ్చు. క్లిప్పు విప్పాక చూస్తే అంతా పొడిగానే ఉంటుంది, ఎందుకంటే గడ్డకట్టిన రక్తం ఆ బొక్కకు బిరడాలా అడ్డం పడి ఉంటుంది.

ఎల్లెల్సీ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తుంగభద్ర కాలువ కట్టకు ఎలుక బొక్క పడిందనుకోండి. నీళ్లు వెంటనే పొలం మీద పడవు. పక్కనే ఉన్న గుంతలో ఊరుతాయి. గుంత చుట్టూ బురద గట్టిపడి అదే ఒక గోడలా నిలుస్తుంది. కాలువలో నీళ్లు కొట్టినప్పుడల్లా ఆ గుంత కాస్త కాస్త పెద్దదవుతుంది. ఒక రోజు బురద జారిపోతుంది, గండి పడుతుంది. కిడ్నీలోనూ అంతే. తెగిన ధమని పక్కన రక్తం ఒక బుడగలా చేరి, గుండె కొట్టుకున్నప్పుడల్లా తానూ కొట్టుకుంటూ ఉంటుంది. దానికి రక్తనాళపు అసలు గోడ ఉండదు, కాబట్టి డాక్టర్లు దాన్ని ‘సూడో ఎన్యూరిజం’ అంటారు. మనం దొంగబుడగ అనుకోవచ్చు. పక్కనే ఉన్న సిర కూడా తెగి ఉంటే ధమనిలోని రక్తం అడ్డదారిన నేరుగా సిరలోకి దూకుతుంది. అదీ ప్రమాదమే.

బిరడాలా ఉన్న రక్తపు గడ్డ రోజులు గడిచేకొద్దీ కరుగుతుంది. అందుకే ఆపరేషన్ రోజున లేని రక్తం పదో రోజునో, పదిహేనో రోజునో వస్తుంది. కొందరికి వారానికే, కొందరికి నెల దాటాక కూడా. బుడగ మూత్రం చేరే గదిలోకి పగిలితే మూత్రం ఎర్రబడుతుంది. కిడ్నీ బయటికి పగిలితే మూత్రంలో ఏమీ కనిపించదు. ఆపరేషన్ చేసిన వైపు డొక్కలో పోటు, కళ్లు తిరగడం, చల్లచెమటలు, గుండెదడ, అంతే. ఈ రెండో రకమే ఎక్కువ మోసం చేస్తుంది.

ఇక్కడ రోబో మీద నింద వేయడం కూడా న్యాయం కాదు. కడుపు పెద్దగా కోసి చేసే పాత పద్ధతిలోనూ ఈ బుడగలు వస్తాయి. ఆ మాటకొస్తే మన ప్రాంతంలో రోబో ఆపరేషన్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా జరిగేది, వీపులోంచి గొట్టం దూర్చి కిడ్నీ రాళ్లు తీసే ఆపరేషన్. దాని తర్వాత కూడా నూటికి ఒకరికి అటూ ఇటూగా ఇదే బుడగ, ఇదే రక్తం, ఇదే వైద్యం. కిడ్నీ నుంచి సూదితో ముక్క తీసి పరీక్షించినా అరుదుగా ఇలా కావచ్చు. కాబట్టి ‘మనం రోబో దాకా వెళ్లలేదులే’ అని ఈ పేజీ తిప్పేయకండి.

ఏ ఎరుపు మామూలు, ఏది కాదు?

ఆపరేషన్ అయిన మొదటి రెండు మూడు రోజులు మూత్రం లేత గులాబీ రంగులో రావడం మామూలే. క్రమంగా తేటపడాలి. ఒకసారి తేటపడ్డాక మళ్లీ ఎర్రబడిందంటే అది మామూలు కాదు. చిక్కటి ఎరుపైనా, పలుచటి ఎరుపైనా అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే. ఉదయం దాకా, సోమవారం దాకా, పండగ అయ్యేదాకా ఆగే విషయం కాదు. రక్తపు గడ్డలు వానపాముల్లా సన్నగా పొడుగ్గా పడితే రక్తం పైనుంచి, అంటే కిడ్నీ నుంచే వస్తోందని గుర్తు. గడ్డలు అడ్డుపడి మూత్రం పూర్తిగా ఆగిపోవడమూ ఉంది. పొత్తికడుపు ఉబ్బి మనిషి విలవిల్లాడిపోతాడు.

స్కానింగ్ సెంటర్‌లో మామూలు అల్ట్రాసౌండ్ తీయించి, రిపోర్టులో ‘అంతా బాగానే ఉంది’ అని చూసుకుని ఇంటికొచ్చేవాళ్లు ఉంటారు. ఆ స్కాన్‌కు ఈ బుడగ చిక్కకపోవచ్చు. డాప్లర్‌తో చూస్తే కొంత నయం. తేల్చి చెప్పేది మాత్రం రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే సీటీ యాంజియోగ్రామ్. స్కాన్ చేసేవారికి ‘ఫలానా తేదీన కిడ్నీ ఆపరేషన్ అయింది’ అని ముందే చెబితే వాళ్లు వెతికే తీరే వేరుగా ఉంటుంది. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల జరిగే ఆలస్యం చాలా ఎక్కువ.

బొక్క మూసే స్ప్రింగు

దొంగబుడగకు మళ్లీ కడుపు కోయక్కర్లేదు. ఒకప్పుడు కోసేవారు, తరచూ కిడ్నీనే తీసేయాల్సి వచ్చేది. ఇప్పుడు గజ్జల దగ్గర చిన్న మత్తు సూది ఇచ్చి, అక్కడి ధమనిలోకి సన్నటి గొట్టం పంపుతారు. గుండెకు యాంజియోగ్రామ్ చేసినట్టే. ఇలా సూది, తీగ, గొట్టం వరసగా పంపే పద్ధతిని స్వీడన్ వైద్యుడు స్వెన్ ఇవార్ సెల్డింగర్ 1953లో ప్రపంచానికి చెప్పారు. 1973లో అమెరికాలో బుక్‌స్టీన్, గోల్డ్‌స్టీన్ అనే వైద్యులు, కిడ్నీ నుంచి ముక్క తీసిన తర్వాత ధమనికీ సిరకూ మధ్య పడిన అడ్డదారిని ఇదే దారిన వెళ్లి మూసేశారు. కోత లేకుండా కిడ్నీలో రక్తస్రావం ఆపొచ్చని అలా రుజువైంది.

గజ్జ నుంచి గొట్టం కిడ్నీ ధమని దాకా వెళ్తుంది. అందులోంచి దారమంత సన్నటి ఇంకో గొట్టాన్ని కొమ్మ వెంట కొమ్మ పట్టుకుని కారుతున్న చోటికి చేరుస్తారు. అక్కడ ప్లాటినం తీగతో చేసిన బుల్లి స్ప్రింగులను, వీటినే కాయిల్స్ అంటారు, వదులుతారు. అవి చుట్టుకుని, రక్తం గడ్డకట్టి ఆ కొమ్మ మూసుకుపోతుంది. కొన్నిసార్లు జిగురు లాంటి మందు వాడతారు. రోగి మెలకువగానే ఉంటాడు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మొదటిసారికే రక్తం ఆగిపోతుంది.

సన్నటి గొట్టంతో అంత లోపలికి వెళ్లడానికి కారణం ఉంది. కిడ్నీలో ఒక్కో ధమని కొమ్మ ఒక్కో ముక్కకే నీరు పెట్టే పిల్లకాలువ. దాన్ని మూస్తే ఆ ముక్క ఎండిపోతుంది, పక్క కాలువ నుంచి నీళ్లు రావు. మొదట్లోనే మూసేస్తే సగం కిడ్నీ పోతుంది. చివరిదాకా వెళ్లి మూస్తే పోయేది చిన్న తునక. దానివల్ల రెండు మూడు రోజులు కాస్త నొప్పి, జ్వరం ఉండొచ్చు.

ఈ పని చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి. గుండెకు స్టెంట్లు వేసే క్యాత్‌ల్యాబ్ ఉన్నంత మాత్రాన ఇది జరిగిపోదు. ఆ సన్నటి గొట్టాలు, కాయిల్స్, వాటిని వాడే చేయి, మూడూ ఒకేచోట, ఆ రాత్రికి దొరకాలి.

దూరమే అసలు జబ్బు

ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్లు. ఎమ్మిగనూరు, గోనెగండ్ల, కోడుమూరు మీదుగా రెండు గంటల పైమాటే. ఎమ్మిగనూరు నుంచి డెబ్భైకి కాస్త తక్కువ. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు మరో రెండొందల పైచిలుకు. ఆదోనికి రైలుంది గానీ రక్తం పోతున్న మనిషి రైలు వేళ కోసం ఎదురుచూడలేడు. ఎమ్మిగనూరుకు ఆ రైలూ లేదు. కొందరికి బళ్లారి, రాయచూరు దగ్గర. బాగా రక్తం పోతున్నవాణ్ని నేరుగా కారులో పడుకోబెట్టి హైదరాబాద్ దౌడు తీయడం చాలా ఇళ్లలో మొదట తోచే ఆలోచన. అది తప్పు. కళ్లు తిరుగుతున్నా, చెమటలు పడుతున్నా, గడ్డలు గడ్డలుగా రక్తం పడుతున్నా ముందు 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ సెలైన్ పెట్టి, బీపీ చూసి, అవసరమైతే రక్తం ఎక్కించి, మూత్రం ఆగిపోయి ఉంటే గొట్టం వేసి కడిగి, మనిషి కుదుటపడ్డాక అంబులెన్స్‌లో పంపాలి. ఎక్కడికి పంపాలన్నది ఆ లోపు ఇంట్లో ఇంకొకరు ఫోన్లలో తేల్చాలి. కర్నూలులోనే ఆ పని చేసేవారు ఆరోజు దొరికితే హైదరాబాద్ దాకా పోవాల్సిన పనే లేదు. దొరుకుతారా అన్నది వెళ్లాక కాదు, బయల్దేరక ముందే కనుక్కోవాలి.

ఇంకా మంచిది, ఆపరేషన్ చేయించుకున్న చోట డిశ్చార్జి రోజునే అడగడం. ‘మాది ఆదోని. రక్తం పడితే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? మాకు దగ్గర్లో ఎక్కడికి వెళ్లమంటారు? మళ్లీ చేర్చుకుంటే ఈ ఖర్చు ప్యాకేజీలో ఉందా, బీమాలో వస్తుందా, ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తుందా?’ బిల్లు కట్టే హడావుడిలో ఇవి గుర్తురావు, అందుకే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి.

డిశ్చార్జి కాగితాల సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. నాలుగైదు పేజీల ఇంగ్లిషు, అందులో రక్తపరీక్షల అంకెలే మూడు పేజీలు. చివర్లో చిన్న అక్షరాల్లో ‘మూత్రంలో రక్తం వస్తే సంప్రదించగలరు’ అని ఒక ముక్క ఇంగ్లిషులోనే. ఆ ఒక్క ముక్కా తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఫోన్ నంబరుతో సహా మొదటి పేజీలో రాయడానికి ఏ రోబో అక్కర్లేదు! రాయకపోతే అడిగి రాయించుకోవాలి. ఆ కాగితాన్ని బీరువాలో పెట్టకుండా, ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకుంటే, అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకు ఏం కోశారో, ఏ వైపు కోశారో క్షణంలో తెలుస్తుంది.

మగ్గం ఎప్పుడెక్కాలి?

1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరు ఎమ్మిగనూరు. గుంత మగ్గంలో కూర్చుని కాళ్లతో తొక్కుతూ నేసే పని కడుపు కండరాలను ఊరికే ఉండనివ్వదు. ఆదోనిలో పత్తి సీజన్ మొదలైతే మార్కెట్లో, జిన్నింగ్ మిల్లుల్లో బోరాలెత్తని చేయి ఉండదు. మనిషి బాగున్నాడు కదా అని పనిలోకి దిగిపోతాడు, దిగకపోతే గడవని ఇళ్లూ ఉన్నాయి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తొద్దని, బైకు మీద గతుకుల్లో తిరగొద్దని చెబుతారు. బరువెత్తడం వల్లే బుడగ పగులుతుందని తేల్చి చెప్పలేం, పడుకుని ఉన్నవాళ్లకూ పగులుతుంది. అయినా ఆ ఆరు వారాలు ఆగడమే మంచిది. ముక్కి ముక్కి విరేచనానికి పోవడం కూడా మంచిది కాదు కాబట్టి మలబద్ధకం లేకుండా చూసుకోవాలి.

గుండె జబ్బుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవాళ్లు వాటిని సొంతంగా మొదలుపెట్టకూడదు, సొంతంగా మానకూడదు. ఎప్పుడు మొదలుపెట్టాలో కిడ్నీ డాక్టరూ గుండె డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి. నడుంనొప్పి అని మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని మింగడం అసలే వద్దు. అవి కిడ్నీకీ చేటు, రక్తస్రావానికీ చేటు.

రక్తం కారడం ఒక్కటే కాదు, కారాల్సిన చోట గడ్డకట్టడమూ ప్రమాదమే. ఆపరేషన్ తర్వాత కాలి పిక్కల్లోని సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరుతుంది కొందరికి. హైదరాబాద్ నుంచి ఆరేడు గంటలు కారులో కాళ్లు ముడుచుకుని రావడం దానికి తోడవుతుంది. దారిలో రెండు మూడు చోట్ల దిగి పది నిమిషాలు నడవాలి. ఒక కాలే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మరి అందరికీ ముందే స్కాన్ తీసి బుడగ ఉందో లేదో చూసేస్తే పోదా? జపాన్‌లో కొందరు వైద్యులు అలాగే చూశారు. ఏ లక్షణమూ లేనివాళ్లలో కూడా చిన్న చిన్న బుడగలు కనిపించాయి. వాటిలో చాలావరకు ఏమీ చేయకుండానే మూసుకుపోతాయని తేలింది. కనిపించిన ప్రతిదాన్నీ మూయబోతే మంచి కిడ్నీనే పోగొట్టుకుంటాం. అందుకే చాలాచోట్ల ఇప్పటికీ లక్షణాలు కనిపిస్తేనే స్కాన్ తీస్తున్నారు. గడ్డ పెద్దదైనా, కిడ్నీ మధ్యలో లోతుగా ఉన్నా డాక్టరు ముందుగా ఒకసారి చూద్దామనొచ్చు.

కాయిల్ వేయించుకున్నవాళ్లకు అది కిడ్నీలోనే ఉండిపోతుంది, తీయాల్సిన పని లేదు. నొప్పీ తెలియదు. తర్వాతెప్పుడైనా కడుపు ఎక్స్‌రే తీస్తే ఆ వైపు తెల్లగా మెరిసే చిన్న చుట్టలా కనిపిస్తుంది. ఎమ్మారై తీయించాల్సి వస్తే మాత్రం ఏ రకం కాయిల్ వేశారో రాసి ఉన్న కాగితాన్ని టెక్నీషియన్‌కు ముందుగా చూపించాలి.